చతురస్రం దొరకలేదని ఏడ్చే పిల్లకి

అమ్మా, మీరడిగింది ఇదీ. పాప మూడో తరగతి. బళ్ళో "ప్రకృతిలో ఆకారాలు" అని ప్రాజెక్టు ఇచ్చారు. ఫోన్లో వెతికి తేనెపట్టు, స్టార్‌ఫిష్, మంచు పలుకు బొమ్మలు ప్రింటు తీయించి అట్ట మీద అంటించారు. పాప వాటి వంక కూడా చూడలేదు. "మా ఊళ్ళో కొబ్బరిచెట్లూ, కాలవా, చేలూ తప్ప ఏమున్నాయండీ? అన్నీ గుండ్రమే. చతురస్రం ఒక్కటీ దొరకలేదని పిల్ల ఒకటే ఏడుపు" అన్నారు.

నేను రాజోలు, అమలాపురం చుట్టుపక్కల బళ్ళల్లో ముప్పై ఏళ్ళకి పైగా లెక్కలు చెప్పి రిటైరయినవాణ్ణి. ముందుగా ఒక మాట. ఆ మంచు పలుకు బొమ్మ పీకేయండి. కోనసీమ పిల్లకి మంచు అంటే కూల్‌డ్రింకు కొట్లో ఐసుగడ్డే. ముట్టుకోని వస్తువు మీద పిల్లలకి మనసు పోదు. చతురస్రం సంగతి చివర్లో చెబుతాను, దానికి మీ వంటింట్లోనే సరుకుంది.

రెండోది, పిల్లని "ఇది ఏ ఆకారం?" అని అడక్కండి. ఈ తప్పు నేను చేసి ఉన్నాను కాబట్టి చెబుతున్నాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో వృత్తం, త్రిభుజం, చతురస్రం, దీర్ఘచతురస్రం అని నాలుగు గళ్ళు గీసిన కాగితాలిచ్చి, పిల్లలందర్నీ కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళాను. కనపడినవి కనపడినట్టు గళ్ళల్లో రాయండర్రా అన్నాను. గంట తిరిగేసరికి అందరికీ వృత్తం గడి నిండిపోయింది, మిగతావి ఖాళీ. ఒకమ్మాయి మాత్రం త్రిభుజం గడిలో "కొబ్బరికాయ" అని రాసింది. నేను ఎర్రసిరాతో కొట్టేసి పక్కన "గోళం" అని దిద్దాను.

మర్నాడు ఆ పిల్ల వలవని కాయ ఒకటి సంచిలో వేసుకొచ్చింది. ఏమీ మాట్లాడలేదు. ముచ్చిక (తొడిమ ఉండే కొన) నా మొహానికి ఎదురుగా వచ్చేట్టు కాయని బల్ల మీద పడుకోబెట్టి, పక్కకి జరిగి నిలబడింది. అటునుంచి చూస్తే కాయకి మూడు పలకలు, పలకకీ పలకకీ మధ్య ఉబ్బిన మూల. పుట్టినప్పట్నుంచీ కొబ్బరికాయల మధ్యే బతికాను, ఎప్పుడూ పక్కనుంచి చూడటమే గానీ ముచ్చిక వైపునుంచి చూడలేదు. "మా నాన్న వలిచేటప్పుడు పలక చూసుకుని గునపానికి గుచ్చుతాడండి" అంది. ఆ రోజు అందరి ముందూ నా దిద్దుబాటు నేనే కొట్టేసుకున్నాను.

తర్వాత ఆ కాయనే వలిచి, పీచు పిలక లాగి చూపించాను. కింద మూడు కళ్ళు. డొక్కకి మూడు పలకలు, చిప్పకి మూడు కళ్ళు, రెండూ ఒకే లెక్క. పువ్వు దశలో ఆ కాయ లోపల మూడు గదులుంటాయి. వాటిలో ఒక్కటే గింజగా ఎదుగుతుంది, మిగతా రెండూ అణిగిపోతాయి. అందుకే మూడు కళ్ళల్లో ఒకటే మెత్తగా ఉంటుంది, మొలక దాన్లోంచే వస్తుంది. పాప చేతికి అగ్గిపుల్ల ఇచ్చి "ఏ కన్నులోకి దిగుతుందో చూడు" అనండి. త్రిభుజం అనే మాట మీరు ఎత్తక్కర్లేదు. కాసేపటికి తనే ఎత్తుతుంది.

నేను చెప్పదలుచుకున్నదంతా ఇంతేనమ్మా. ఆకారం పేరు ఆఖర్న రావాలి. ముందు కొయ్యాలి, దొర్లించాలి, మడవాలి, లెక్కపెట్టాలి.

కొబ్బరికాయతో మొదలైన మూడుని వదలకండి. అరటిపండు తొక్క తీసి, కొనమీద వేలు పెట్టి మధ్యలోకి మెల్లిగా నొక్కితే పండు నిలువునా మూడు బద్దలుగా విడిపోతుంది. మగ్గిన పండైతే ఇంకా బాగా విడుతుంది. చక్కరకేళి అయినా కర్పూరమైనా అంతే. వేసవిలో తాటికాయ కొట్టించినప్పుడు ముంజలెన్నో చూడమనండి, మామూలుగా మూడు. కడియం నుంచి వచ్చే లిల్లీ పూలకి రేకులు ఆరు, అంటే మూడు రెళ్ళు. కొబ్బరి, అరటి, తాడి, లిల్లీ, వరి అన్నీ ఒక జాతి, విత్తనంలో ఒకే బద్ద ఉండే జాతి. వీటికి మూడు మీద మోజు.

ఇప్పుడు బెండకాయ అడ్డంగా కొయ్యండి, పుల్లకూరకి తరిగినట్టు. ఐదు మూలల చక్రం, మూలకో గింజల గది. ఆ ముక్కని పారాణిలోనో, పసుపు నీళ్ళలోనో ముంచి కాగితం మీద అద్దితే నక్షత్రంలాంటి చుక్క పడుతుంది. ముక్క ముక్కకీ ఒకటే చుక్క, కొన దగ్గర చిన్నది, తొడిమ దగ్గర పెద్దది. పరిమాణం మారినా ఆకారం మారలేదని నేను తొమ్మిదో తరగతిలో సరూప పటాలని పేరు పెట్టి వారం రోజులు చెప్పేవాణ్ణి. మూడో తరగతి పిల్ల ఐదు నిమిషాల్లో కళ్ళతో చూసేస్తుంది. ఆరు మూలల బెండకాయ, ఏడు మూలలది కూడా తగులుతాయి. తగిలినప్పుడు "ఇది తప్పు కాయ" అనకుండా, ఎన్ని కాయలు కోస్తే అలాంటివి ఎన్ని వచ్చాయో గోడ మీద గీతలు పెట్టించండి. వారం కూర అయ్యేసరికి ఒక లెక్క తయారవుతుంది.

ఆ ఐదు బెండతో ఆగదు. మందారం ఐదు రేకులు, బిళ్ళగన్నేరు ఐదు, జిల్లేడు కిరీటం ఐదు మొనలు, నందివర్ధనం ఐదే. కానీ నందివర్ధనం రేకులన్నీ ఒకే వైపు మెలిక తిరిగి గాలిమరలా ఉంటాయి. అందుకే దాన్ని అద్దం ముందు పెడితే అద్దంలో పువ్వు ఎదురు మెలిక తిరుగుతుంది, అసలు పువ్వుతో సరిపోదు. పాపని పట్టుకుని చూడమనండి, భలే తమాషా పడుతుంది. (జిల్లేడు పాలు, పక్కనే ఉండే ఎర్ర గన్నేరు, ఉమ్మెత్త మాత్రం విషం. చూడనివ్వండి, కోయనివ్వకండి. ఏ మొక్క ముట్టుకున్నా చేతులు కడిగించండి.)

ఐదు లెక్క మొక్కలు చాలావరకు పప్పు జాతి, అంటే గింజలో రెండు బద్దలుండేవి. శనగలు నానబెట్టి పొట్టు తీసి చూపిస్తే పిల్లకి అర్థమయిపోతుంది. కందిపప్పు బద్దలవుతుంది, బియ్యం బద్దలవదు. అలాగని ఇది శాసనం కాదు. నూరువరహాల పువ్వుకి నాలుగే రేకులు, ఆవపువ్వుకీ నాలుగే. ఇక బీరకాయ గురించి వేరే చెప్పాలి. పువ్వుకి ఐదు రేకులు, కాయ మీద గట్లు పది, అడ్డంగా కోస్తే లోపల గింజల గదులు మూడు. ఒక్క కాయలో మూడు లెక్కలు. ఆనపకాయ, దోసకాయ కూడా లోపల మూడే. ఎందుకని పిల్ల అడిగితే "తెలీదమ్మా, ఇంకా ఏయే కాయలు ఇలా ఉన్నాయో చూద్దాం" అనండి. సిగ్గేం లేదు, మాస్టర్లం మేమే అలా అనాల్సింది, అనేవాళ్ళం కాదు.

కాయలయ్యాక కాడలు. దీన్ని ఎవరూ చూపించరు, నాకు మాత్రం అన్నిటికంటే ఇష్టం. చేలోకి వెళ్ళినప్పుడు గట్టు మీద గడ్డి కాడ ఒకటి, తుంగ కాడ ఒకటి తుంచి, పాప కళ్ళు మూసి, బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నలిపినట్టు దొర్లించమనండి. గడ్డి కాడ జర్రున తిరుగుతుంది. తుంగ తిరగదు, టక్కు టక్కున ఆగుతుంది, ఎందుకంటే దానికి మూడు అంచులున్నాయి. గోటితో అడ్డంగా తెంపితే చక్కటి త్రిభుజం. కలుపు తీసే ఆడవాళ్ళు చూడకుండానే తుంగని పట్టేస్తారు, ఆకు చూసి కాదు, మొదలు దగ్గర వేలి స్పర్శ మీద. మీ పాపకి ఆ విద్య ఒక్క సాయంత్రంలో వస్తుంది.

అలాగే కళ్ళు మూసి తులసి కాడ పెట్టండి, లేత కొమ్మ. నాలుగు పలకలు తగులుతాయి. పుదీనా కట్టలో కాడలూ అంతే, వినాయకచవితికి తెచ్చే తుమ్మి కాడా అంతే. ఆ నాలుగు మూలల్లోనూ గట్టి పోగులుంటాయి, ఇంటికి నాలుగు స్తంభాలున్నట్టు. నల్లేరు తీగ దొరికితే మరీ మంచిది, దానికి నాలుగు వైపులా రెక్కలే ఉంటాయి. తాజా నల్లేరు దురద పెడుతుంది గనక మీరు కోసి చూపించండి. ఇదిగో, ఏడ్చిన పిల్లకి మొదటి చతురస్రం తులసికోటలోనే దొరికింది. పొద్దున్నే దణ్ణం పెట్టుకునే మొక్క కాడ నలుచదరంగా ఉంటుందని ఇంట్లో పెద్దవాళ్ళని అడిగి చూడండి, ఎంతమందికి తెలుసో.

పేర్ల గురించి ఒక పక్క మాట. చతురస్రాన్ని మూల మీద నిలబెట్టి గీస్తే "ఇది డైమండ్ అండి" అంటారు ఈ వయసు పిల్లలు. తప్పేం లేదు. వాన్ హీలె అని హాలండు దేశపు దంపతులు, ఇద్దరూ లెక్కల టీచర్లే, 1957లో దీనిమీదే తమ పరిశోధన రాశారు. పిల్లలు ముందు ఆకారాన్ని మొత్తం ఒక బొమ్మగా చూస్తారు, భుజాలూ కోణాలూ లెక్కపెట్టి చూడటం తర్వాతి మెట్టు, నిర్వచనం ఇంకా పై మెట్టు అని. మనం పై మెట్టు మీద నిలబడి కేకలేస్తుంటాం. తులసి కాడని చేతిలో తిప్పిన పిల్లకి ఎటు తిప్పినా మూలలు నాలుగే అని వేలికి తెలిసిపోతుంది, డైమండ్ గొడవ దానంతటదే తీరుతుంది.

ఇక చేను. దాళ్వా (రెండో పంట) కోతలయి కాలవలు కట్టేశాక, ఎండలకి చేలు నెర్రెలిస్తాయి కదా. సాయంత్రం చల్లబడ్డాక పాపని తీసుకెళ్ళి ఒక నెర్రె వెంబడి వేలు పోనిమ్మనండి. అది ఇంకో నెర్రెని ఎలా కలుస్తోందో చూడాలి. మొదటిసారి ఎండిన మడిలో చాలాచోట్ల కొత్త నెర్రె వచ్చి పాతదాన్ని నిటారుగా గుద్దుకుంటుంది, గోడకి కర్ర ఆనించినట్టు కాదు, గోడకి గోడ కట్టినట్టు. లంబకోణం. మట్టి ఎండి ముడుచుకుంటూ అన్ని వైపులా లాగుతుంటుంది. నెర్రె పడ్డాక దానికి అడ్డంగా లాగే బిగువు తీరిపోతుంది, నెర్రె వెంబడి లాగే బిగువే మిగులుతుంది. తర్వాతి పగులు ఆ మిగిలినదాన్ని తెంపుతూ వస్తుంది గనక నిటారుగానే వచ్చి తగులుతుంది.

అదే చెరువు అంచునో, బోదె (పిల్ల కాలవ) అడుగునో చూడండి. తడిసి, ఎండి, మళ్ళీ తడిసి, మళ్ళీ ఎండిన చోటు. అక్కడ మూలలు మారిపోతాయి. మూడు నెర్రెలు ఒకచోట కలిసి, మూడు వైపులా ఇంచుమించు సమానంగా విడిపోతాయి. ఒక్కో కోణం 120 డిగ్రీల దగ్గర. పెంకులు ఆరు మూలలవుతూ వస్తాయి. అన్నీ ఆరే ఉండవు, ఐదూ ఏడూ కలిసి ఉంటాయి. పిల్లని ఒక పాతిక పెంకుల మూలలు లెక్కపెట్టమనండి, ఎక్కువసార్లు ఏ అంకె వస్తుందో తనే చెబుతుంది.

ఆదివారం తలంటుకి కుంకుడుకాయ నురగ తీస్తారు కదా, పళ్ళెంలో పల్చగా ఒక పొర పరిచి చూడండి. బుడగల గోడలు మూడేసి కలుస్తాయి, నాలుగు గోడలు ఒక బిందువు దగ్గర నిలవవు. నాలుగు కలిపి చూద్దామని పుల్లతో కెలికినా క్షణంలో సర్దుకుని మూడేసి అయిపోతాయి. నేలకీ నురగకీ చుట్టరికం లేదు. నురగ తక్కువ పొరతో గడుపుకోవాలని చూస్తుంది, నేల బిగువు తీర్చుకోవాలని చూస్తుంది. కారణాలు వేరైనా వచ్చే మూల ఇంచుమించు ఒకటే.

అప్పుడు తేనెపట్టు దగ్గరికి రండి. మీరు దానితో మొదలుపెట్టారు, నేనైతే దాన్ని ఇక్కడికి గానీ తీసుకురాను. నిజం పట్టు దగ్గరికి పిల్లని పంపొద్దు. పాతబడి వదిలేసిన కందిరీగ గూడు చూరుకింద దొరికితే చాలు, వాటికీ ఆరు మూలల గదులే. అదీ లేకపోతే ఏడు రూపాయి బిళ్ళలు, అన్నీ ఒకే సైజువి. ఒకటి మధ్యలో పెట్టి చుట్టూ పేర్చమనండి. సరిగ్గా ఆరు పడతాయి, ఐదైతే సందు మిగులుతుంది, ఏడోది పట్టదు. బిళ్ళల మధ్య చిన్న చిన్న మూలలు వృథాగా పోయాయి చూడండి. వృథా లేకుండా, భుజాలూ కోణాలూ అన్నీ సమానంగా ఉండే ఒకే రకం ఆకారంతో నేల మొత్తం కప్పాలంటే త్రిభుజం, చతురస్రం, షడ్భుజి ఈ మూడే పనికొస్తాయి. మూడింట్లోనూ తక్కువ గోడతో ఎక్కువ చోటిచ్చేది షడ్భుజి. ఈ మాట రెండు వేల ఏళ్ళుగా అనుకుంటున్నదే గానీ, ఇంకే వంకర టింకర ఆకారమూ దాన్ని మించలేదని పూర్తిగా రుజువు చేసింది మాత్రం 1999లో, థామస్ హేల్స్ అనే అమెరికా గణితవేత్త.

కొబ్బరిచెట్టుకి మళ్ళీ వస్తాను, ఎందుకంటే మీరు "కొబ్బరిచెట్లు తప్ప ఏమున్నాయి" అన్నారు, ఆ మాట కొంచెం తగిలింది. ఒక పొట్టి కొబ్బరిచెట్టు దగ్గర పాపని నిలబెట్టి, మట్టకీ దాని గెలకీ సంబంధం చూడమనండి. గెల మట్టకి సరిగ్గా మధ్యలో ఉండదు, ఒక పక్కకి ఒరిగి ఉంటుంది. ఒక చెట్టుకి అన్ని గెలలూ ఒకే పక్క. పక్క చెట్టుకి రెండో పక్క కావచ్చు. మట్టలు మొవ్వు చుట్టూ మెలిక తిరుగుతూ వస్తాయి. కొన్ని చెట్లు కుడివాటం, కొన్ని ఎడమవాటం. కలకత్తా ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్‌లో టి. ఎ. డేవిస్ అనే వృక్షశాస్త్రవేత్త ఏళ్ళ తరబడి ఇదే పనిగా కొబ్బరిచెట్లు లెక్కపెట్టాడు. రెండు రకాలూ ఇంచుమించు సగం సగం. ఎడమవాటం చెట్టు కాయ నాటితే ఎడమవాటం చెట్టే వస్తుందన్న నమ్మకం లేదు. మెలికల వరసలు కూడా లెక్కపెట్టాడు, తాడికి 3, కొబ్బరికి 5, ఆయిల్ పామ్‌కి 8. మీ తోటలో ఎన్ని కుడి, ఎన్ని ఎడమ అని పిల్ల రాసుకొస్తే అది ఏ ప్రింటవుట్‌లోనూ దొరకని ప్రాజెక్టు. దింపు తీసేవాళ్ళు వచ్చిన రోజు వాళ్ళనే అడగమనండి, పైనుంచి చూసి చెబుతారు.

ఇక్కడ ఒక హెచ్చరిక. 3, 5, 8 (మూడూ ఐదూ కలిస్తే ఎనిమిది, అలా పెరిగే వరస) అనగానే ఎవరో ఒకరు వీడియో పంపిస్తారు, శంఖంలో, మనిషి మొహంలో, గుడి గోపురంలో అన్నిట్లోనూ ఒకే బంగారు నిష్పత్తి (ఆ వరసలో పక్కపక్క అంకెల నిష్పత్తి చేరువయ్యే, సుమారు 1.618) ఉందని. పిల్లకి అది ఎక్కించకండి. అనాసపండు మీద కళ్ళ వరసలు ఒక వైపు 8, రెండో వైపు 13 లెక్కపెట్టించండి, అది నిజం, వేలితో తేలుతుంది. వేలితో తేలనిది ఈ వయసుకి వద్దు.

సౌష్ఠవానికి, అంటే రెండు సగాలూ ఒకదానిమీదొకటి సరిపోవడానికి, ఆకు మడిచి చూడటం చాలు. రావి, తమలపాకు మడత మీద ఇంచుమించు సరిపోతాయి. వేపాకు మడవమనండి, తొడిమ దగ్గర ఒక పక్క దిగి, ఒక పక్క ఎగిసి ఉంటుంది, సరిపోదు. సరిపోనివి చూస్తేనే సరిపోవడం అంటే ఏంటో తెలుస్తుంది. గోళాలకి వాన పడ్డాక చేమాకు మీద నిలిచే నీటి బొట్లు. అంతర్వేది వెళితే తీరం తడి ఇసుక మీద చిట్టి పీతలు బొరియ చుట్టూ పేర్చే ఇసుక గోళీలు. కాలవలో రెండు రాళ్ళు ఒకేసారి వేస్తే వృత్తాలు ఒకదాన్నొకటి దాటిపోతాయి, చెరిపేసుకోవు. ఇవన్నీ పిల్లలు ఎలాగూ చేసే పనులే, నేను చెప్పక్కర్లేదు. రేవులోకి దిగనివ్వకండి, అంతే.

పెద్ద త్రిభుజం ఒకటి మిగిలింది. మ్యాపులో ధవళేశ్వరం, యానాం, అంతర్వేది మూడు చోట్లా వేలు పెట్టించండి. ధవళేశ్వరం దగ్గర గోదావరి చీలి గౌతమి ఒక భుజం, వశిష్ఠ ఒక భుజం, సముద్రం అడుగు గీత. అడుగు గీత సరళరేఖ కాదు, ఉబ్బి ఉంటుంది, నది తెచ్చి పోసిన మట్టి అది. నైలు నది ముఖద్వారం గ్రీకు అక్షరం డెల్టాలా ఉందని ఆ పేరొచ్చింది, ఆ అక్షరం త్రిభుజమే. "మనం త్రిభుజం లోపల ఉన్నామా?" అని ఒకసారి ఒక పిల్లాడు నేల వంక చూసుకుంటూ అడిగాడు.

చివరికి మీ చతురస్రం. తులసి కాడ నలుపలకలే గానీ మూలలు కాస్త మొద్దు, పిల్ల ఒప్పుకోకపోవచ్చు. గళ్ళుప్పు తీసుకోండి, పొడి ఉప్పు కాదు. గ్లాసుడు వేడినీళ్ళలో ఇంక కరగదన్నదాకా కలిపి, పల్చటి గుడ్డలో వడకట్టి, నల్లటి పళ్ళెంలో అర అంగుళం ఎత్తున పోసి, చీమలు, పిల్లి రాని గూట్లో పెట్టండి. కదపకూడదు, కదిపితే పలుకులు చిన్నవైపోతాయి. ఎండాకాలమైతే రెండు మూడు రోజులు, ముసురు పట్టిందంటే వారం పట్టినా పట్టొచ్చు. ముందు నీటి మీద సన్నటి చదరాలు తేలతాయి, బరువెక్కి అడుగుకి చేరతాయి. భూతద్దం పెట్టి చూస్తే అంచులు కత్తితో కోసినట్టు, మూల మూలకీ లంబకోణం. కొన్ని మధ్యలో మెట్లు మెట్లుగా గుంట పడి ఉంటాయి, కోనేరులా. ఒకటి తీసి చెంచా వెనకవైపుతో నొక్కి విరగ్గొట్టమనండి. ముక్కలు కూడా నలుచదరంగానే విరుగుతాయి. మొదటి రోజు పళ్ళెంలో ఏమీ లేదని పిల్ల పారబోస్తానంటుంది, పారబోయనివ్వకండి.

అట్ట మీద ఏం అంటించాలి అంటే, బెండకాయ అచ్చులు, ఎండబెట్టిన తుంగ ముక్క, కుడి ఎడమ కొబ్బరిచెట్ల లెక్క, టేపు కింద నాలుగు ఉప్పు పలుకులు. ఒక్కోదాని కింద ఎక్కడ దొరికింది, ఏ రోజు అని పాప చేతిరాతతో. ఆకారం పేరు పాపకి తోస్తే రాస్తుంది, లేకపోతే ఖాళీ వదిలేయండి.

ఉప్పు తేలాక ఎన్ని రోజులు పట్టిందో నాకూ రాయండమ్మా. మా మనవడితో పెట్టించిన పళ్ళెం ఈ వానలకి ఐదు రోజులైంది, ఇంకా నీళ్ళుగానే ఉంది.